సైతాను మాస్కోకొస్తే: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే శీర్షికలో రష్యన్ రచయిత మిఖాయిల్ బుల్గాకోవ్ నవల 'మాస్టర్ అండ్ మార్గరీట' గురించి నాలుగు ముక్కలు రాశాను, సైతాను మనిషి వేషంలో ఒక బుధవారం సాయంత్రం మాస్కోలో దిగి శనివారం రాత్రికి వెళ్ళిపోయే కథ అని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. ముగింపు గురించి కూడా మాట్లాడుకున్నాం, అది ముందే తెలియకూడదు అనుకునేవాళ్ళు హైదరాబాద్ పాఠకురాలి ప్రశ్నని వదిలేసి ముందుకి వెళ్ళండి.

ప్రశ్న: నేను ఓటీటీలో దేవదూతలు, దయ్యాలు సిటీల్లో తిరిగే సిరీస్‌లు తెగ చూస్తాను. అర్బన్ ఫాంటసీ అంటే ఈమధ్య వచ్చిందే కదా, మీరేమో 1930లలో రాసిన నవల అంటున్నారు. అసలు కథేంటి, నాలాంటివాడికి ఎక్కుతుందా? (బీటెక్ విద్యార్థి, కాకినాడ)

ఎక్కుతుంది తమ్ముడూ, నువ్వు చూసే సిరీస్‌ల కంటే ఎక్కువే ఎక్కుతుంది. అర్బన్ ఫాంటసీ అనే పేరు తర్వాత పెట్టుకున్నారు గానీ ఆ పని ఈయన అప్పటికే చేసేశాడు. మొదటి సీన్ చెప్తా చూడు. మే నెల సాయంత్రం, మాస్కోలో పేట్రియార్క్ పాండ్స్ అని ఒక చెరువు, దాని పక్కన పార్కు, ఉక్కపోతకి తట్టుకోలేక ఇద్దరు రచయితలు కూల్‌డ్రింక్ కొట్టు దగ్గరికి పోతారు, మినరల్ వాటర్ అడిగితే లేదు, బీరు అడిగితే సాయంత్రానికి వస్తుందంటుంది కొట్టామె, ఉన్నదల్లా ఆప్రికాట్ డ్రింకు, అదీ వెచ్చగా ఉంది. ఆ ఇద్దరిలో పెద్దాయన బెర్లియోజ్, రచయితల సంఘానికి అధ్యక్షుడు, రెండోవాడు ఇవాన్ అనే కుర్ర కవి. యేసు అనే మనిషి అసలు పుట్టనే లేదయ్యా అని పెద్దాయన కుర్రాడికి క్లాసు పీకుతుంటే ఒక విదేశీయుడు వచ్చి పక్కన కూర్చుని, దేవుడు లేడంటున్నారు కదా మరి మనిషి బతుకుని నడిపేదెవరు అని అడుగుతాడు. మనిషే నడుపుకుంటాడు అంటాడు ఇవాన్. అలాగా, కానీ ఈ పెద్దాయన ఇవాళ రాత్రి మీటింగుకి వెళ్ళలేడు, ఎందుకంటే అన్నుష్క పొద్దుతిరుగుడు నూనె కొనేసింది, కొనడమే కాదు ఒలకబోసేసింది కూడా, అంటాడు ఆ విదేశీయుడు. కాసేపటికి బెర్లియోజ్ ఆ నూనె మీద కాలు జారి ట్రామ్ కింద పడతాడు, తల తెగిపోతుంది.

చూశావా, ఉరుముల్లేవు, మంటల్లేవు, రెక్కల్లేవు, ఒక సీసా వంటనూనె, అంతే. ఆ విదేశీయుడి పేరు వోలండ్, ఆయనే సైతాను. ఆయన వెంట కొరోవ్యేవ్ అని పగిలిన కళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటివాడు, బెహెమోత్ అనే మనిషంత నల్ల పిల్లి (రెండు కాళ్ళ మీద నడుస్తుంది, ట్రామ్ ఎక్కి టికెట్టుకి చిల్లర కూడా ఇవ్వబోతుంది), అజాజెల్లో అని కోరపన్ను బయటికొచ్చినవాడు, హెల్లా అనే రక్తపిశాచి. వీళ్ళు మాస్కోని తలకిందులు చేస్తుంటే ఇంకోపక్క మాస్టర్ అనే పేరులేని రచయిత పిచ్చాసుపత్రిలో ఉంటాడు, పొంతి పిలాతు అనే రోమన్ గవర్నరు మీద నవల రాసినందుకు పత్రికలన్నీ కలిసి అతన్ని చీల్చి చెండాడాయి, భయంతో రాతప్రతిని తనే తగలబెట్టుకున్నాడు. అతని కోసం అతని ప్రేయసి మార్గరీట సైతానుతో ఒప్పందానికి దిగుతుంది. మధ్యమధ్యలో ఆ తగలబడిన నవలలోని చాప్టర్లు కూడా వస్తాయి, రెండు వేల ఏళ్ళ కిందటి యెరూషలేములో పిలాతు ఒక అమాయకుణ్ణి సిలువకి పంపే కథ. ఇన్ని కథలు కలిసి ఎలా నడుస్తాయి అని నీకు డౌటు రావచ్చు, నడుస్తాయి, ఒక్క వంద పేజీలు ఓపిక పట్టు, మాస్టర్ కథలోకి రావడానికే అంత టైం పడుతుంది.

ప్రశ్న: సైతానుని కథానాయకుడిగా పెట్టి, వాడు చేసేవన్నీ చూసి మనం నవ్వుకునేలా రాయడం నాకు మింగుడు పడలేదు. కాలేజీలో చదివే మనవరాలికి ఇలాంటివి ఇవ్వొచ్చా? (రిటైర్డ్ టీచర్, నెల్లూరు)

మాస్టారూ, ఇవ్వండి, మీరు కూడా ఒకసారి చదివి ఇవ్వండి, తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. మీ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. వోలండ్ మంచివాడు కాదు, బెర్లియోజ్ చావు చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆయన ఎవర్ని పట్టుకుంటాడు, దేనికి పట్టుకుంటాడు అన్నది గమనించండి.

ఆ కాలంలో మాస్కోలో ఇళ్ళు లేవు. విప్లవం తర్వాత పల్లెల నుంచి జనం వచ్చి పడ్డారు, పెద్ద పెద్ద ఫ్లాట్లని ముక్కలు చేసి గదికొక కుటుంబాన్ని పెట్టారు, వంటగది అందరికీ ఒకటే, బాత్రూమ్ దగ్గర క్యూ, ఎవరైనా చచ్చిపోతే ఆ గది కోసం కుక్కల కొట్లాట. బుల్గాకోవ్ స్వయంగా అలాంటి ఫ్లాట్లోనే బతికాడు, 1921లో మాస్కో వచ్చినప్పుడు బొల్షాయ సదోవయా వీధి పదో నెంబరు బిల్డింగులో 50వ ఫ్లాటులో ఒక గది, అందులో ఉండనివ్వడానికి కూడా హౌస్ కమిటీ ఒప్పుకోకపోతే లెనిన్ భార్య క్రుప్‌స్కాయ దాకా వెళ్ళి మొరపెట్టుకోవాల్సి వచ్చింది. నవలలో సైతాను దిగేది ఆ 50వ నెంబరు ఫ్లాటులోనే, రచయిత సరిగ్గా తను బతికిన నరకానికే అతిథిని పంపించాడు.

అక్కడ జరిగేది చూడండి. హౌస్ కమిటీ చైర్మన్ బొసొయ్ వస్తాడు, వారం రోజుల అద్దెకి ఒప్పుకుని పనిలో పనిగా నాలుగు వందల రూబుళ్ళ లంచం జేబులో వేసుకుంటాడు, ఇంటికెళ్ళి పేపర్లో చుట్టి బాత్రూమ్ వెంటిలేటర్లో దాచుకుంటాడు, పోలీసులొచ్చి విప్పితే అవి డాలర్లు! విదేశీ కరెన్సీ ఇంట్లో ఉండటం అప్పట్లో ఎంత పెద్ద నేరమో చెప్పక్కర్లేదు. తర్వాత బెర్లియోజ్ మావయ్య ఒకాయన కీవ్ నుంచి రైలెక్కి వస్తాడు, అంత్యక్రియలకి అని పేరు, అసలు ఆశ చచ్చిపోయినవాడి గది మీద, మాస్కోలో వాటా దొరికితే చాలని. ఇలాంటి మావయ్యలు మన ఇళ్ళల్లో పదో రోజు భోజనాల దగ్గర కనిపించరా చెప్పండి. ఆయన్ని అజాజెల్లో కాల్చిన కోడితో మెడ మీద కొట్టి మెట్ల మీంచి దొర్లించేస్తాడు, నవ్వొస్తుంది నిజమే, కానీ ఆ నవ్వులో సైతాను మీద ప్రేమేమీ లేదు, ఆ ఆశని మనం గుర్తుపట్టాం కాబట్టి నవ్వుతాం.

వెరైటీ థియేటర్లో వోలండ్ మ్యాజిక్ షో పెడతాడు కదా, పైనుంచి పది రూబుళ్ళ నోట్లు వాన కురుస్తాయి, జనం ఎగబడతారు, పొద్దున్నకి అవన్నీ సీసాల లేబుళ్ళు అయిపోతాయి. షోలో వాగుడుకాయ యాంకర్ తలని పిల్లి పీకేస్తే, హాల్లో ఒకామె దేవుడి కోసమైనా వాణ్ణి హింసించకండి అని కేక వేస్తుంది. అప్పుడు వోలండ్ అనే మాటల సారం ఏంటంటే, వీళ్ళు మామూలు మనుషులే, డబ్బంటే ఆశ ఎప్పుడూ ఉన్నదే, జాలి కూడా అప్పుడప్పుడు గుండె తడుతుంది, ఇళ్ళ సమస్య ఒక్కటే వీళ్ళని పాడుచేసింది, అని. తల తిరిగి పెట్టించేస్తాడు కూడా. ఈ ఒక్క సీను చాలు నాకు. పరలోకం నుంచి వచ్చినవాడు ఇక్కడి ఇంటద్దె గురించి మాట్లాడాడు, అందుకే వాణ్ణి మనం నమ్మాం. దేవదూతల్నీ రాక్షసుల్నీ ఊళ్ళోకి తెచ్చే ఏ నవలైనా నిలబడేది ఆ ఊరి కష్టం నిజంగా ఉంటేనే అని నా గట్టి నమ్మకం, ఎన్ని రెక్కలు తగిలించినా ఎన్ని కత్తులిచ్చినా ఊరు అబద్ధమైతే దేవదూత కూడా అబద్ధమే.

ప్రశ్న: మాది చర్చికి వెళ్ళే కుటుంబం. ఇందులో దేవదూతలే కనపడలేదు, అందరూ దురాత్మలే. పైగా యేసు ప్రభువు కథని మార్చేసి రాశాడు. ఈ రచయిత నాస్తికుడా? (గృహిణి, గుంటూరు)

కాదమ్మా. వాళ్ళ నాన్న అఫనాసీ బుల్గాకోవ్ కీవ్‌లో థియోలాజికల్ అకాడమీలో ప్రొఫెసరు, తాతలిద్దరూ మతగురువులే, ఇంట్లో బైబిల్ వాతావరణంలోనే పెరిగాడు. పెద్దయ్యాక డాక్టర్ అయ్యాడు, చర్చికి దూరంగానే ఉన్నాడు, కానీ 1925లో ప్రభుత్వం అండతో నడిచే నాస్తిక పత్రిక సంచికలు చూసి, క్రీస్తుని అందులో మోసగాడిలా చూపించడం చూసి, దీనికి వెల కట్టలేం, ఇది ఘోరమైన నేరం అన్నంత బాధతో డైరీలో రాసుకున్నాడు. నవల మొదటి సీన్లో బెర్లియోజ్ వాదన వెనక ఉన్నది ఆ పత్రికల భాషే. అంటే దేవుడు లేడని గట్టిగా చెప్పమని జీతాలిచ్చిన ఊళ్ళో, సైతాను వచ్చి యేసు ఉన్నాడు, నేను చూశాను అని సాక్ష్యం చెప్తాడు. ఆ మలుపు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

యెరూషలేము చాప్టర్లు సువార్తలకి దగ్గరగా లేవు, మీరన్నది నిజం. అక్కడ యెషువాకి (నవలలో యేసు పేరు ఇదే) ఉన్నది ఒక్కడే శిష్యుడు మత్తయి లేవి, అద్భుతాలు లేవు, పునరుత్థానం సీను లేదు. అది మాస్టర్ రాసిన నవల అని కథలోనే చెప్తాడు, సువార్తకి బదులుగా ఇదే అసలు కథ అని రచయిత మన చేతిలో పెట్టడం లేదు. దాని గుండె యెషువా కంటే కూడా పిలాతు, తప్పని తెలిసీ ఉద్యోగం పోతుందని భయపడి నిర్దోషికి మరణశిక్ష వేసిన అధికారి. పిరికితనమే అన్నిటికంటే పెద్ద పాపం అనే మాట ఆ చాప్టర్లలో వస్తుంది, అది 1930ల మాస్కోలో కూర్చుని, అర్ధరాత్రి తలుపు చప్పుడైతే పోలీసులు ఎవరి కోసం వచ్చారో అని వణికే కాలంలో రాసిన మాట. మీ మనసుకి కష్టమనిపిస్తే ఆ నాలుగు చాప్టర్లు పక్కన పెట్టి చదవమని చెప్పాలనిపిస్తుంది, కానీ చెప్పలేను, అవి లేకపోతే మిగతాది నిలబడదు.

దురాత్మల పేర్లన్నీ పాత గ్రంథాల్లోవే. అబద్దోను ప్రకటన గ్రంథంలో అగాధానికి అధిపతి, నవలలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చప్పుడు లేకుండా వస్తాడు, వాడు అద్దాలు తీస్తే ఎదుటివాడికి చావే. అజాజేలు హనోకు గ్రంథంలో ఆడవాళ్ళకి కళ్ళకి రంగులు పూసుకోవడం, మగవాళ్ళకి కత్తులు చేయడం నేర్పిన పతనదూత, ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి, మార్గరీటకి ఒళ్ళంతా పూసుకోమని క్రీము డబ్బా తెచ్చి ఇచ్చేది ఎవరు? అజాజెల్లోనే. దేవదూత అంటే సందేశం తెచ్చేవాడనుకుంటే ఆ పని చివర్లో మత్తయి లేవి చేస్తాడు, మాసిపోయిన బట్టల్తో, కోపంతో, మేడ మీద నిలబడి ఉన్న సైతాను దగ్గరికి వెలుగు తరఫున వస్తాడు. రెక్కలు లేని ఆ దూత నాకు బాగా నచ్చాడు.

ప్రశ్న: రష్యన్ పేర్లు గుర్తుండక మూడుసార్లు మధ్యలో వదిలేశాను. ఏ ఇంగ్లీష్ అనువాదం తీసుకోవాలి? (బ్యాంకు ఉద్యోగి, తిరుపతి)

మైకేల్ గ్లెనీది 1967 నాటిది, సాఫీగా పరిగెత్తుతుంది. బర్గిన్, ఓకానర్ కలిసి చేసింది 1995ది, వెనకాల వివరణలు బాగుంటాయి. పెవియర్, వొలొహాన్‌స్కీలది 1997ది, రష్యన్ వాక్యాన్ని అంటిపెట్టుకుని పోతుంది కాబట్టి కొంచెం గరుకుగా ఉంటుంది. మీకైతే గ్లెనీదే. పేర్ల విషయానికొస్తే ఒక మనిషికే ఇంటిపేరు, సొంతపేరు, తండ్రిపేరు మూడూ వాడుతుంటారు, ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి, ఒక్క చాప్టర్లో వచ్చి పోయే థియేటర్ మేనేజర్లని గుర్తు పెట్టుకోకపోయినా ఏమీ కాదు.

ప్రశ్న: మా నమ్మకంలో ప్రతి మనిషి వెంట ఇద్దరు ఫరిష్తాలు మంచీ చెడూ రాస్తూ ఉంటారు, సమాధిలో మున్కర్, నకీర్ వచ్చి ప్రశ్నలడుగుతారు. హిందువుల్లో చిత్రగుప్తుడు ఉన్నాడు. ఈ నవలలో లెక్క చూసేవాడే లేడు, మరి న్యాయం ఎలా? (పాఠకుడు, కర్నూలు)

ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను భాయ్. మీరు చెప్పిన ఆ ఇద్దరు ఫరిష్తాలు, కిరామన్ కాతిబీన్, రాసినా, చిత్రగుప్తుడు రాసినా, రాసింది చెరగదు అనే భరోసా మనకుంది. బుల్గాకోవ్ ఊళ్ళో లెక్కలు రాసేవాళ్ళు వేరే ఉన్నారు, పక్కింటివాళ్ళే ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాళ్ళు, మాస్టర్‌ని పట్టించింది కూడా అతని స్నేహితుడే, మాస్టర్ ఉండే బేస్‌మెంట్ గది మీద కన్నేసి.

పరలోకం లెక్క మాత్రం సైతాను ఇచ్చే విందులో కనపడుతుంది. పౌర్ణమి రాత్రి విందుకి మార్గరీట ఆతిథ్యం ఇవ్వాలి, చచ్చిపోయిన హంతకులు, విషం పెట్టినవాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చి ఆమె మోకాలు ముద్దు పెట్టుకుంటారు, ఆ మోకాలు వాచిపోతుంది పాపం. అందులో ఫ్రీదా అని ఒక అమ్మాయి. కెఫేలో పనిచేసేది, యజమాని ఆమెని స్టోర్‌రూమ్‌కి పిలిచి పాడుచేశాడు, పుట్టిన బిడ్డ నోట్లో రుమాలు కుక్కి చంపి అడవిలో పాతిపెట్టింది. శిక్ష ఏంటంటే ముప్ఫై ఏళ్ళుగా రోజూ పొద్దున్న అదే రుమాలు ఆమె బల్ల మీద ఉంటుంది, కాల్చినా ఉంటుంది, ఏట్లో పారేసినా ఉంటుంది. మార్గరీట అడుగుతుంది, మరి ఆ యజమాని ఎక్కడ అని. దానికి సరైన జవాబు రాదు. ఈ ప్రశ్న అడిగిన పాత్ర మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను, నరకంలో కూడా శిక్ష ఆడదానికే పడిందేంటి అని నేరుగా నరకాధిపతి ఇంట్లోనే నిలదీసింది.

విందు అయిపోయాక ఒక్క కోరిక కోరుకో అంటే మాస్టర్ని ఇమ్మని అడగాలి కదా, దాని కోసమే కదా ఇంత దూరం వచ్చింది, కానీ ఫ్రీదాకి మాట ఇచ్చేసింది, ఆమెకి ఆ రుమాలు ఇవ్వడం ఆపండి అని అడుగుతుంది. వోలండ్ ఒప్పుకోడు. క్షమించడం నా శాఖ పని కాదు, ఎవరి శాఖ పని వాళ్ళే చెయ్యాలి, నువ్వే చెయ్యి అంటాడు. మార్గరీట పిలుస్తుంది, ఫ్రీదా పరిగెత్తుకుంటూ వస్తుంది, నిన్ను క్షమించారు, ఇంక రుమాలు రాదు అని చెప్తుంది, అంతే. మీరడిగిన న్యాయం ఇందులో అక్కడ దొరుకుతుందని నేననుకుంటున్నాను. లెక్క రాసినవాళ్ళు ఎవరైనా కానీ, కొట్టేయమని అడగడానికి ఇంకొక మనిషి కావాల్సి వచ్చింది.

ప్రశ్న: చివర్లో మాస్టర్‌కి వెలుగు రాదు, శాంతి మాత్రమే వస్తుంది అన్నప్పుడు ఏడుపొచ్చింది. అంత బాధపడ్డవాడికి స్వర్గం ఎందుకివ్వలేదు? (పాఠకురాలు, హైదరాబాద్)

నాక్కూడా మొదట్లో కోపమే వచ్చింది మేడమ్. మత్తయి లేవి వచ్చి చెప్తాడు, యెషువా ఆ నవల చదివాడు, మాస్టర్‌ని తీసుకెళ్ళి శాంతినివ్వమంటున్నాడు అని. మరి మీరే వెలుగులోకి తీసుకెళ్ళొచ్చుగా అంటాడు వోలండ్. అతను వెలుగుకి అర్హుడు కాలేదు, శాంతికి అర్హుడయ్యాడు అంటాడు లేవి, దిగులుగా. ఎందుకు కాలేదో ఎక్కడా చెప్పడు. చాలామంది, మాస్టర్ భయపడి తన పుస్తకాన్ని తనే వదిలేసుకున్నాడు కదా, పిలాతు పాపమే అతనిదీ అంటారు. ఆ మాటలో బలముంది. కానీ నాకు ఇంకోలా అనిపిస్తుంది, దానికి రచయిత బతుకు చెప్పాలి.

1928లో ఈ నవల మొదలుపెట్టాడు. 1930 మార్చిలో నాటకాల మీద నిషేధాలు పడి, బతుకుతెరువు లేక, అప్పటిదాకా రాసింది పొయ్యిలో వేశాడు. ఆ నెల 28న ప్రభుత్వానికి ఉత్తరం రాశాడు, నన్ను దేశం వదిలి వెళ్ళనివ్వండి, లేదంటే థియేటర్లో ఏదో ఒక పని ఇవ్వండి అని. ఏప్రిల్ 14న కవి మయకోవ్‌స్కీ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు, 18న బుల్గాకోవ్ ఇంట్లో ఫోను మోగింది, అవతల స్టాలిన్. మేమంటే అంత విసుగొచ్చేసిందా, దేశం వదిలి వెళ్తారా అని అడిగాడట. రష్యన్ రచయిత స్వదేశం వదిలి బతకలేడేమో అన్నాడు ఈయన. ఆర్ట్ థియేటర్లో అసిస్టెంట్ డైరెక్టర్ ఉద్యోగం వచ్చింది, రాసింది మాత్రం అచ్చుకాలేదు. మళ్ళీ మొదటినుంచీ నవల రాశాడు, ఎవరూ వెయ్యరని తెలిసీ రాశాడు. 1939లో కిడ్నీ జబ్బు బయటపడింది, వాళ్ళ నాన్న పోయిందీ దానితోనే, డాక్టర్ కాబట్టి ఎన్నాళ్ళు బతుకుతాడో ఆయనకే తెలుసు. చూపు పోతుంటే మంచం మీద పడుకుని దిద్దుబాట్లు చెప్తూ ఉంటే భార్య ఎలీనా సెర్గేయెవ్న రాసుకునేది. 1940 మార్చి 10న పోయాడు, 48 ఏళ్ళు. ఆ కట్టని ఆమె పాతికేళ్ళకి పైగా దాచింది, చివరికి 'మాస్క్వా' పత్రికలో 1966 నవంబరులో ఒక భాగం, 1967 జనవరిలో ఒక భాగం వచ్చాయి, అదీ ఎనిమిదో వంతు దాకా సెన్సార్ కోసేశాక. కోసేసిన పేరాలు జనం టైపు కొట్టుకుని చేతులు మార్చుకుని పుస్తకంలో అతికించుకున్నారు. పూర్తి పాఠం మాస్కోలో అచ్చయ్యేసరికి 1973.

ఇలా బతికినవాడు తన పాత్రకి చివర్లో ఏమిచ్చాడో చూడండి. ఒక చిన్న ఇల్లు, కిటికీ, పైకప్పు దాకా పాకిన ద్రాక్షతీగ, పూసిన చెర్రీ చెట్లు, సాయంత్రానికి షూబర్ట్ సంగీతం, నచ్చినవాళ్ళు మాత్రమే ఇంటికి రావడం, ఎవరూ తలుపు బాదకపోవడం. ఇరవై ఏళ్ళు గదుల కోసం, అనుమతుల కోసం తిరిగిన మనిషి పరలోకంలో కూడా ఒక ఇల్లు అడిగాడు. అది స్వర్గం కంటే తక్కువ అని లేవికి అనిపించొచ్చు, నాకు అనిపించదు. వెలుగుదారి పట్టేది పిలాతు, రెండు వేల ఏళ్ళు కొండ మీద రాతి కుర్చీలో కుక్కని పక్కన పెట్టుకుని, పౌర్ణమి వస్తే నిద్ర పట్టక కూర్చున్నవాణ్ణి మాస్టరే కేకేసి విడిపిస్తాడు. తను రాసిన పాత్రకి వెలుగు, తనకి విశ్రాంతి. నేను ఆ రోజు ఏడవడం మానేసి పుస్తకాన్ని మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివాను.

ప్రశ్న: రష్యాలో ఎంబీబీఎస్ చదువుతున్నాను, సెలవుల్లో మాస్కో వెళ్తాను. నవలలో చోట్లు నిజంగా ఉన్నాయా? (వైద్య విద్యార్థిని)

ఉన్నాయమ్మా. మయకోవ్‌స్కాయ మెట్రో స్టేషన్లో దిగితే బొల్షాయ సదోవయా పదో నెంబరు నడిచి వెళ్ళే దూరమే, 50వ ఫ్లాటు ఇప్పుడు బుల్గాకోవ్ మ్యూజియం, ఆ మెట్లదారి గోడల నిండా పాఠకులు దశాబ్దాలుగా పిల్లి బొమ్మలు గీస్తూ వచ్చారు. అదే బిల్డింగులో కింద ఇంకో మ్యూజియం కూడా ఉంది, రెండూ ఒకటే అనుకుని ఒకదానితో వచ్చేయొద్దు. పేట్రియార్క్ పాండ్స్ అక్కడికి దగ్గరే. నొవొదెవిచీ శ్మశానంలో ఆయన సమాధి మీద ఉన్న గరుకు రాయి ఒకప్పుడు పాతకాలపు రష్యన్ రచయిత గొగోల్ సమాధి మీదది, గొగోల్‌ని అక్కడికి మార్చాక మిగిలిపోతే ఎలీనా తెచ్చి భర్తకి పెట్టించింది. గొగోల్ అంటే ఆయనకి ప్రాణం.

ప్రశ్న: నేను ఒక నవల రాస్తున్నాను. యమభటుడు, ఒక పతనదూత ఇద్దరూ హైదరాబాద్‌లో ఒకే ప్రాణం కోసం వస్తారు. మావాళ్ళేమో తెలుగులో యముడంటే కామెడీయే, సీరియస్‌గా ఎవరు చదువుతారు అంటున్నారు. ఏం చెయ్యమంటారు? (పాఠకురాలు, వరంగల్)

రాయండి. వాళ్ళ మాట సగమే నిజం. 1977లో 'యమగోల' వచ్చింది, హీరో పైకెళ్ళి యమభటుల చేత సమ్మె చేయిస్తాడు, 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల', మూడిట్లోనూ యముడు కైకాల సత్యనారాయణే, మనందరికీ యముడి గొంతంటే ఆయన గొంతే వినపడుతుంది. కానీ 'యమలీల'లో నవ్వంతా తీసేసి చూడండి, యమలోకం పుస్తకం ఒక కొడుకు చేతికి దొరికింది, అందులో వాళ్ళమ్మ ఎప్పుడు పోతుందో రాసి ఉంది. ఆ ముడి ఎంత బరువైందో! జనం నవ్వింది యముణ్ణి చూసే అయినా హాలు నింపింది ఆ తల్లి కథే.

సినిమాలు కాకుండా మన దగ్గర ఇంకా ఎంత ఉంది. చావు జరిగిన ఇంట్లో పదిరోజులు గరుడపురాణం చదివిస్తారు, వైతరణి దాటడానికి గోదానం ఇస్తారు, ఇవేవీ కామెడీ కాదు, మన నాన్నమ్మలు నిజంగా భయపడి నిజంగా నమ్మినవి. జగిత్యాల జిల్లా ధర్మపురిలో గోదావరి ఒడ్డున నరసింహస్వామి గుడి ఆవరణలో యమధర్మరాజుకి గుడి ఉంది, ధర్మపురికి పోయినవాడికి యమపురి ఉండదని మన పెద్దవాళ్ళ సామెత. మీ యమభటుడు ఆ ఊరి పేరు వింటే ఏమవుతాడు? అక్కడ స్నానం చేసొచ్చిన మనిషి ప్రాణం తీయమని ఆర్డరొస్తే ఏం చేస్తాడు? ఇదిగో ఇలాంటివి మీకు దొరికే సరుకు, బయటినుంచి ఏదీ అరువు తెచ్చుకోనక్కర్లేదు.

రెండు సంగతులు మాత్రం ముందే తేల్చుకోండి. పైలోకం వాళ్ళు ఏం చెయ్యలేరో తేల్చుకోండి. వోలండ్ అంతటివాడికే క్షమించే అధికారం లేదు, ఆ ఒక్క కట్టుబాటు వల్లే ఫ్రీదా సీను పుట్టింది. మీ యమభటుడికీ పతనదూతకీ అన్నీ చేతనైతే కథ రెండో చాప్టర్లోనే అయిపోతుంది. ఇక రెండోది ఊరు. అమీర్‌పేటలో ఎర్ర లైను, నీలం లైను మారే చోట సాయంత్రం ఆరింటికి ఆ ఒత్తిడిలో నిలబడి చూడండి, హాస్టల్లో నలుగురున్న గదిలో ఐదో మంచం ఎలా వేస్తారో కనుక్కోండి, మనిషి పోయాక డెత్ సర్టిఫికెట్ కోసం ఇంట్లోవాళ్ళు ఏయే కాగితాలు పట్టుకుని తిరుగుతారో తెలుసుకోండి. ప్రాణం తీసుకెళ్ళడానికి వచ్చినవాడు ఆధార్‌లో పేరు తప్పు పడిందని ఆగిపోతే అది నవ్వు కోసం రాయొద్దు, ఆ తప్పు వల్ల పెన్షన్ ఆగిపోయిన ముసలామె ఎవరో రాయండి.

మీరు ఉత్తరంలో యమభటుడి గురించి రెండు పేజీలు, పతనదూత రెక్కల గురించి ఒక పేజీ రాశారు. ఆ ఇద్దరూ ఎవరి ప్రాణం కోసం వచ్చారో ఆ మనిషి గురించి ఒక్క లైను కూడా లేదు. ఆడా మగా, వయసెంత, ఏం పని చేస్తారు, అద్దె కడుతున్నారా, ఎవరికి బాకీ ఉన్నారు? అది రాసి మొదటి చాప్టరు పంపండి, చదివి ఇదే శీర్షికలో మాట్లాడతాను.